ద్వితీయ సంకల్పాధికారి

మా నాగులగెడ్డ పురపాలక సంఘంలో పనులు జరగవని ఊళ్లో ఒక అపవాదు ఉంది. గిట్టనివాళ్లు పుట్టించిన మాట అది. ఒక్క వారంలో నాలుగువందల పన్నెండు పనులు పూర్తి చేసిన కార్యాలయం మాది. ఆ నాలుగువందల పన్నెండూ చివరకు నా కుడి అరచేతిలోంచే పళ్లెంలోకి జారాయి కాబట్టి, ఈ సంగతి నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

నా పేరు సన్యాసిరావు. ఇంజనీరింగు సెక్షన్లో సీనియర్ అసిస్టెంటుని. ఇరవై ఆరేళ్ల సర్వీసులో నా మీద ఒక్క మెమో కూడా లేదు. "ఏ పనీ ముట్టుకోని మనిషికి మెమో ఎలా వస్తుంది?" అంటుంది మా ఆవిడ. ఆవిడ ఇల్లు నడిపిన మనిషే గానీ కార్యాలయం నడిపిన మనిషి కాదు గనక నేను పట్టించుకోను.

కొత్త కమిషనర్ విద్యాభూషణం గారు వచ్చిన నెలకి ఈ కథ మొదలైంది. ఆయన లెక్కల్లో ఎమ్మెస్సీ. తన గదికి కొత్తగా ఏసీ పెట్టించుకుని, మంచిరోజు చూసి గణపతి పూజ పెట్టుకున్నారు. పూజ చేయించడానికి వచ్చిన సోమయాజులు గారికి ఆ పూట ఇంకో రెండు గృహప్రవేశాలున్నాయి. గడియారం వంక చూస్తూనే కమిషనర్ గారి అరచేతిలో అక్షతలు పోసి, "సంకల్పం శ్రద్ధగా చెప్పుకోండి బాబూ, సంకల్పమే సగం ఫలం" అన్నారు.

కమిషనర్ గారు మూసుకున్న కళ్లు తెరిచారు.

"సగమా?"

"అవునండీ. పెద్దలమాట."

"కచ్చితంగా సగమేనా? నలభై అయిదో, యాభై అయిదో కాదు కదా?"

ఈ ప్రశ్న సోమయాజులు గారిని ఇంతకుముందు ఎవరూ అడిగి ఉండరు. ముహూర్తం మించిపోతోంది. "సగమేనండీ" అనేసి గంట అందుకున్నారు.

పూజ పూర్తయ్యేదాకా కమిషనర్ గారి పెదవులు కదులుతూనే ఉన్నాయి. మంత్రం అనుకున్నాం. కాదు, కూడిక. ఒక సంకల్పం సగం ఫలమైతే, రెండు సంకల్పాలు పూర్తి ఫలం. ప్రసాదం పంచకముందే సర్క్యులర్ డిక్టేట్ చేశారు. దాన్ని టైపు చేసింది నేనే కాబట్టి ఇప్పటికీ నోటికి వస్తుంది.

"కార్యసిద్ధియందు సంకల్పము అర్ధఫలదాయకమని శాస్త్రసమ్మతమైనందున, ఒకే పనికి ఇద్దరు వేర్వేరు అధికారులచే విడివిడిగా చేయబడిన రెండు సంకల్పములు సదరు పనికి సంపూర్ణ ఫలమును చేకూర్చినట్లు పరిగణించి ఫైలు మూసివేయవలెను. ఇకమీదట క్షేత్రస్థాయి క్రియ ఐచ్ఛికము."

మొదటి సంకల్పం అసిస్టెంట్ ఇంజనీరు ధర్మారావు చెయ్యాలి. రెండో సంకల్పం చేసేవాడికి ఆ పని మీద రాగద్వేషాలు ఉండకూడదు, పని జరగవలసిన చోటును కంటితో చూసి ఉండకూడదు. ఇరవై ఆరేళ్లలో ఏ పనినీ కంటితో చూడనివాడు ఎవడని వెతికితే నేనే దొరికాను. ఆ విధంగా నేను ద్వితీయ సంకల్పాధికారినయ్యాను. నా బల్లమీద ఒక రాగి పళ్లెం, ఒక చెంబు, ఒక ఉద్ధరిణె, ఒక డబ్బా అక్షతలు వచ్చాయి. ప్రభుత్వ కార్యాలయం అన్ని మతాలకూ ఆమోదయోగ్యంగా ఉండాలి గనక అక్షతల్లోంచి పసుపు తీసేయమన్నారు. పసుపు తీసేశాక అవి రేషను బియ్యంలా ఉన్నాయి. రేషను బియ్యమే మరి.

ఫైలు రాగానే అరచేతిలో నీళ్లు, నాలుగు గింజలు పోసుకుని, కళ్లు మూసుకుని, వార్డు నంబరు, పని పేరు, 'సదుద్దేశపూర్వకముగా' అనే మాట చెప్పి పళ్లెంలోకి వదిలేవాణ్ణి. ఫైలుకు నేను కళ్లు మూసుకున్న ఫొటో జతచెయ్యాలి. కళ్లు తెరిచి ఉన్న ఫొటో చెల్లదు. మూడో వార్డు వీధిదీపాలు పది నిమిషాల్లో వెలిగాయి. బస్టాండు మరుగుదొడ్లు టిఫినుకి ముందే కట్టేశాను. కుక్కల బెడద నివారిస్తుండగా కిటికీ కింద ఒక కుక్క మొరిగింది గానీ, దాన్ని రికార్డు చెయ్యమని సర్క్యులర్లో లేదు. ఒకరోజు మా ఆఫీసు కుళాయి మోటారు పాడైంది. దానికీ సంకల్పం చెప్పాం. సంకల్పానికి కావలసిన నీళ్లకు బయట నుంచి క్యాన్ తెప్పించుకున్నాం.

ఆ వారంలో పూర్తయిన వాటిల్లో నూట డెబ్భై మూడో పని నూకాలమ్మది.

ఈ నూకాలమ్మ ఎవరో చెప్పాలి. పదకొండో వార్డులో, గెడ్డ అని మేం పిలుచుకునే వాగుకి ఇవతల, నేతగాళ్లుండే సాలివీధిలో ఉంటుంది. గెడ్డకి అవతల గట్టుమీద ఎలిమెంటరీ బడి. ఆ బడిలో అరవైమూడు మంది పిల్లలకి మధ్యాహ్నం అన్నం వండేది ఈవిడే. బడిలో వంటషెడ్డు కట్టాలన్న సదుద్దేశం తొమ్మిదేళ్లుగా చెక్కుచెదరకుండా ఉంది గనక, వంట ఈవిడ ఇంటి పంచలోనే జరుగుతుంది. వండినదాన్ని గెడ్డ మీద నడకవంతెన దాటించి అవతలికి చేర్చాలి. నిరుడు వరదకి ఆ వంతెన నడిమధ్య రెండు పలకలు ఊడి గెడ్డలో పడ్డాయి. మూడడుగుల సందు మిగిలింది. పిల్లలు గెంతేస్తారు. కాగే సాంబారు గుండిగ గెంతదు.

అందుకని నూకాలమ్మా, ఆమెకు సాయం చేసే అప్పలనరసమ్మా గుండిగ చెవుల్లోంచి కర్ర దూర్చి చెరో చివరా భుజాన వేసుకుంటారు. ముందు అప్పలనరసమ్మ సందు దాటి అవతల నిలబడుతుంది. గుండిగ ఆ సందు మీద వేలాడుతుంది. అప్పుడు నూకాలమ్మ దాటుతుంది. ఇదంతా ఆమె మా ఆఫీసులో నా బల్ల ముందు నిలబడి, నా గొడుగు తీసుకుని దాన్నే కర్రగా పట్టుకుని చేసి చూపించింది.

"ఎండల్లో ఎలగో నెట్టుకొచ్చీసినాం బావూ. వానలొచ్చీత్తన్నాయి. పలక తడిసిపోతే కాలు నిలవదు. రెండంటే రెండు పలకలు. నానేటి మేడ కట్టమన్నానా?"

"నీ పని నూట డెబ్భై మూడో నంబరమ్మా. బుధవారం పూర్తవుతుంది" అన్నాను. ఆమె రెండు చేతులెత్తి దణ్ణం పెట్టి వెళ్లింది. బుధవారం పదకొండు గంటల ఇరవై నిమిషాలకి పూర్తి చేశాను కూడా. చెప్పిన రోజుకి పని చెయ్యడం మా సంఘం చరిత్రలో అదే మొదలు.

సోమవారం ఆమె మళ్లీ వచ్చింది.

"బావూ, ఎవులూ రానేదు."

"ఎవరు రావాలి?"

"పలకలెయ్యడానికి."

"వేసేశాం కదమ్మా." ఫైలు తీసి చూపించాను. మొదటి సంకల్పం, రెండో సంకల్పం, నా ఫొటో, కమిషనర్ గారి పచ్చ సంతకం. ఆమె చదువుకోలేదు. ఫొటో మాత్రం చాలాసేపు చూసింది.

"పడుకున్నారేటి బావూ?"

"కాదు. వంతెన వేస్తున్నాను."

ఆమె ఫైలు నా చేతికిచ్చేసింది. "సరే బావూ. మీరేసిన వొంతెన మీద ఒకపాలి మీరే నడవండి. నాను గట్టు మీద నిలబడి సూత్తాను."

ఇందులో ఆమె తప్పు లేదు. ప్రజలు ఇంకా పాత పద్ధతిలో ఉన్నారు. పని జరిగిందంటే కంటికి కనిపించాలంటారు. కమిషనర్ గారికి ఈ సంగతి విన్నవించాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, "సన్యాసిరావూ, మనవైపు ఫలం సంపూర్ణం. రెండు సగాలు ఒకటి. అవతలివైపు అందకపోతే అది స్వీకార లోపం" అన్నారు. మర్నాడే ఇంకో సర్క్యులర్ వచ్చింది. పూర్తయిన పనిని పూర్తయినట్టుగా గుర్తించలేని పౌరులను స్వీకార లోపం గలవారిగా నమోదు చేసి, వారిలో సద్భావన పెంపొందించవలెను. నూకాలమ్మ పేరు ఆ రిజిస్టరులో మొదటిది. ఆమెలో సద్భావన పెంపొందించడానికి కూడా రెండు సంకల్పాలు చేశాం.

ధర్మారావు మాత్రం ఒకరోజు క్యాంటీన్లో టీ తాగుతూ మెల్లగా అన్నాడు. "సన్యాసిరావు గారూ, ఆ వంతెనకి సరిపోయే పలకలు రెండు మన గోడౌన్లో ఉన్నాయండీ. ఇద్దరు మనుషులుంటే అరపూట పని. వేసేద్దామా?"

"ఫైలు మూసేశాం కదయ్యా. మూసేసిన పని మళ్లీ చేస్తే ఆడిట్‌లో ఏమని చెబుతాం? ఒకే పని రెండుసార్లు చేశారంటారు."

ధర్మారావు టీ గ్లాసు బల్ల మీద పెట్టేసి లేచాడు. నాకు మంచి ఉద్దేశమే ఉంది, అది మాత్రం రాసుకోండి. నూకాలమ్మ వంతెన బాగుండాలని నేను మనసారా కోరుకున్నాను. ఆఫీసులో ఎవరిని అడిగినా అలాగే కోరుకున్నామని చెబుతారు. ఆవిడకి చెడు జరగాలని కోరుకున్నవాడు మా కార్యాలయంలో ఒక్కడు లేడు.

ఆరుద్ర కార్తె దగ్గరపడింది. ఇక మా దగ్గరికి రావడం మానేసి, నూకాలమ్మ సాలివీధి మగవాళ్లని పోగుచేసింది. ఎవరి దొడ్లోనో పాత పాక విప్పినప్పుడు మిగిలిన రెండు తాటి దూలాలు మోయించుకొచ్చి, సందు మీద పక్కపక్కన వేయించి, తాళ్లతో బిగించి కట్టించింది. మగ్గాలు ఆపి వచ్చినవాళ్లు భోజనాల వేళకి మళ్లీ మగ్గాల మీద ఉన్నారట. ఆ మధ్యాహ్నం సాంబారు ఒక్క చుక్క ఒలకకుండా అవతలికి చేరింది.

ఈ వార్త మా ఆఫీసులో పిడుగులా పడింది. సంకల్పం నమోదు కాకుండా, ఏ అధికారీ కళ్లు మూసుకోకుండా, ఒక పని జరిగిపోయింది! కమిషనర్ గారు అత్యవసర సమావేశం పెట్టారు.

"దీన్ని ఏమంటారో తెలుసా? సంకల్పరహిత క్రియ. సంకల్పం సగం ఫలమైనప్పుడు, సంకల్పం లేని క్రియ లోపభూయిష్టం. పైగా అక్కడ వంతెన ఆల్‌రెడీ పూర్తయి ఉంది. పూర్తయిన వంతెన మీద ఇంకో వంతెన వెయ్యడం ఆక్రమణ."

"కానీ సార్," అన్నాడు ధర్మారావు, "జనం దాని మీద నడుస్తున్నారండీ."

"అదే నా బాధ" అన్నారు కమిషనర్ గారు.

ఆయన బాధకి ఇంకో కారణం కూడా ఉంది. రెండు సంకల్పాల పద్ధతి రాజధానికి తెలిసింది. రాష్ట్రంలో ఉత్తమ పురపాలక సంఘం బహుమతికి మా పేరు వెళ్లింది. పూర్తయిన పనులు చూడటానికి ముగ్గురు సభ్యుల బృందం వస్తోంది. పలకలు వేసినట్టు రికార్డు ఉన్నచోట తాటి దూలాలు కనిపిస్తే మిగతా నాలుగువందల పదకొండు పనుల మీదా అనుమానం వస్తుంది.

ఆక్రమణ తొలగింపు ఫైలు నా బల్ల మీదికి వచ్చింది. నేను ఉద్ధరిణె అందుకున్నాను. ధర్మారావు మొదటి సంకల్పం చేసేశాడు, నేను రెండోది చేసేస్తే దూలాలు తొలగిపోయినట్టే. నిజం చెప్పాలంటే ఆ క్షణం నా మనసుకి ఎంతో హాయిగా ఉంది. ఈ పద్ధతిలో ఉన్న గొప్పతనం అప్పుడు తెలిసింది. మంచిపని జరగకపోయినా పోనీ, చెడ్డపనీ జరగదు కదా! దూలాలు రికార్డులో పోతాయి, గెడ్డ మీద ఉంటాయి. నూకాలమ్మ హాయిగా దాటుతుంది.

నీళ్లు అరచేతిలో పోసుకునేసరికి కమిషనర్ గారు గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"సన్యాసిరావూ, పళ్లెం పక్కన పెట్టు. ఇది అలా కుదరదు. లారీని పంపు."

మర్నాడు ఉదయం పది గంటలకి ఒక లారీ, ఆరుగురు మనుషులు, ఒక సూపర్‌వైజరు గెడ్డ దగ్గరికి వెళ్లారు. పదకొండు కాకముందే తాళ్లు కోసి, దూలాలు ఎత్తి, మా ఆఫీసు ఆవరణలో తెచ్చి పడేశారు. ఏ లోపమూ లేకుండా, చెప్పిన గంటకి, చెప్పిన చోట. మా కార్యాలయంలో ఆ ఏడాది నిజంగా జరిగిన పని అదొక్కటే. మా వాళ్లకి పనులు చేతకావని ఇంకెవరైనా అంటే నేను ఒప్పుకోను.

లారీ పంపమన్న కాగితం మీద సంతకం నాది.

బృందం వచ్చింది. ఆ రోజు చినుకులు పడ్డాయి. పనులు చూడాలనే దృఢమైన ఉద్దేశంతోనే వచ్చామని, అయితే వాన కారణంగా అతిథిగృహంలోనే ఉండి ఆ ఉద్దేశాన్ని నమోదు చేసుకుంటామని బృందం అధ్యక్షుడు చెప్పాడు. మిగతా ఇద్దరూ రెండో ఉద్దేశం నమోదు చేశారు. తనిఖీ పూర్తయింది. రొయ్యల వేపుడు బాగుందని మాత్రం ప్రత్యేకంగా రాశారు. గెడ్డ వైపు ఎవరూ వెళ్లలేదు. దూలాలు అక్కడే ఉన్నా వాళ్లకి కనబడేవి కావు.

వాన మరి ఆగలేదు. మూడోరోజు మధ్యాహ్నం అన్నం గుండిగ అవతలికి చేర్చి, సాంబారు గుండిగతో రెండోసారి దాటుతుంటే, తడిసిన పలక మీద నూకాలమ్మ కాలు జారింది. గుండిగ ఆమె వైపు ఒరిగింది. మోకాలి దగ్గర్నుంచి పాదం దాకా కాలిపోయింది. ఆమె కర్ర వదిలేసి ఉంటే అంత కాలేది కాదట. వదిలేస్తే గుండిగ అప్పలనరసమ్మని గెడ్డలోకి లాక్కుపోయేదని వదల్లేదట. ఆ రోజు అరవైమూడు మంది పిల్లలు వట్టి అన్నం తిన్నారు.

ఈ మాట నాకు మర్నాడు సాయంత్రం ధర్మారావు చెప్పాడు. నాకు చాలా బాధ కలిగింది. ఇంటికెళ్లాక, అన్నంలో సాంబారు పోసుకుంటుంటే, మళ్లీ బాధ కలిగింది. రెండుసార్లు బాధపడ్డాను. సర్క్యులర్ ప్రకారం నా బాధ్యత సంపూర్ణమైనట్టే. కానీ కలిపిన అన్నం అలాగే వదిలేశాను. ఎందుకు వదిలేశానో నాకు తెలుసు, మా ఆవిడకీ తెలుసు. ఆవిడ కంచం తీసేసింది.

మర్నాడు కమిషనర్ గారు మొత్తం సిబ్బందిని హాల్లోకి పిలిచారు. ఆయన కళ్లలో నీళ్లున్నాయి. అవి నిజమైన కన్నీళ్లే, ఆ విషయంలో నేను అబద్ధం ఆడను. "మన పౌరురాలికి ఇలా జరగడం ఎంతో బాధాకరం. ఆవిడ త్వరగా కోలుకోవాలని సామూహికంగా సంకల్పిద్దాం" అన్నారు. ముప్పై ఎనిమిది మందిమి కళ్లు మూసుకున్నాం. ఒకసారి, మళ్లీ ఒకసారి. పదకొండు గంటలకల్లా నూకాలమ్మ సంపూర్ణ ఆరోగ్యవంతురాలని ధ్రువపత్రం తయారైంది. దాన్ని స్వయంగా అందజేసి రమ్మని నాకు పురమాయించారు. ద్వితీయ సంకల్పాధికారి పని జరిగే చోటుకి వెళ్లకూడదని గుర్తుచేశాను. "అక్కడ పని ఏమీ లేదుగా, ఆవిడ కోలుకుంది" అన్నారు.

సాలివీధి మొగలో సోమయాజులు గారు సైకిల్ దిగి గొడుగు విప్పుకుంటున్నారు. అడగకుండా ఉండలేకపోయాను.

"అయ్యా, ఒకే పూజకి సంకల్పం రెండుసార్లు చెప్పుకుంటే ఏమవుతుందండీ?"

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. "నలభై ఏళ్లుగా పూజలు చేయిస్తున్నాను, అలాంటివాణ్ణి చూళ్లేదు నాయనా. రెండోసారి చెప్పుకున్నాడంటే మొదటిది మరిచిపోయాడని అర్థం."

"మరి మిగతా సగం ఫలం?"

"పూజ చేస్తే వస్తుంది. ఇంకెలా వస్తుంది?" అని సైకిలెక్కి వెళ్లిపోయారు. ఆ మాట ఆ రోజు గంట కొట్టకముందు చెబితే ఆయన సొమ్మేం పోయేదో నాకు తెలియదు.

నూకాలమ్మ పంచలో నులకమంచం మీద ఉంది. కాలికి మోకాలి దాకా గుడ్డ కట్టి ఉంది. పక్కనే పొయ్యి మీంచి దించిన రెండు గుండిగలు. అప్పలనరసమ్మ కర్ర పట్టుకుని వీధివైపు చూస్తోంది. టైము పదకొండున్నర.

నేను జేబులోంచి ధ్రువపత్రం తీసి చదివాను. ఆమె చివరిదాకా విన్నది.

"అంటే నా కాలు బాగైపోనాదా బావూ?"

నేను ధ్రువపత్రాన్ని మడత పెట్టాను.

"నాకు తెలుసు బావూ, మీకు మాయందు మంచే ఉంది. మీ ఆపీసులో ఎవుల్ని కదిపినా మంచే. ఒకుడైనా కసురుకోనేదు." తిట్టి ఉంటే బాగుండేది. తిడితే కోపం తెచ్చుకుని వచ్చేసేవాణ్ణి. "ఆ కాగితం ఆడ ఎట్టండి. నిన్న మా ఈదోళ్లు మోసినారు. ఇయాల సంతకెల్లిపోనారు. అప్పలనరసమ్మొక్కతే ఉంది. పిల్లలు కంచాలట్టుకుని కూకుంటారు. ఆ కర్ర అటేపు పట్టండి."

"నాకు అలవాటు లేదమ్మా."

"మాకు మాత్రం అమ్మ కడుపులోనే అలవాటైందేటి? పట్టండి, సల్లారిపోతంది."

పట్టాను. కర్ర భుజం మీద పడగానే ఎముక విరిగిందనుకున్నాను. సాంబారు వేడి చొక్కాలోంచి పొట్టకి తగులుతోంది. "అడుగులో అడుగెయ్యండి బావూ, గెడ్డకాసి సూడకండి" అని ముందు నుంచి అప్పలనరసమ్మ అరుస్తూనే ఉంది. అయినా చూశాను. చూడకుండా ఎలా ఉంటాను? నేను స్వయంగా పూర్తి చేసిన నూట డెబ్భై మూడో పని అది. రెండు పలకల మధ్య సందు. కింద బురదనీళ్లు సుళ్లు తిరుగుతున్నాయి. ఊడిపడ్డ పలక అంచు ఒకటి నీళ్లలోంచి పైకి వచ్చి ఉంది. ఇంజనీరింగు సెక్షన్లో ఇరవై ఆరేళ్లు పనిచేసి నేను కంటితో చూసిన మొదటి పని ఇదేనని తెలిసి సిగ్గేసింది. సిగ్గుకంటే ఎక్కువగా భయం వేసింది. ఈ భయంతో ఆ ఇద్దరూ ఏడాదిపాటు రోజూ ఇక్కడ కాలు పెట్టారు. నేను ఆ ఏడాదంతా ఫ్యాను కింద ఉన్నాను.

ఎలాగో దాటాను, వెనక్కొచ్చి అన్నం గుండిగ కూడా దాటించాను. బడి ఆవరణలోకి వెళ్లేసరికి పిల్లలు లేచి నిలబడి, "కొత్త ఆయా వొచ్చిందిరోయ్!" అని కేకలు పెట్టారు. వరసలో వడ్డించాను. ఒక పిల్ల గరిటె వంక చూసి, "ముక్కలున్నకాడ ముంచండి తాతా" అంది. ఏ ఫైల్లోనూ నాకు ఇంత స్పష్టమైన ఆదేశం రాలేదు.

అప్పట్నుంచి రోజూ పదకొండుంపావుకి ఆఫీసులోంచి లేచి వెళుతున్నాను. మొదటి ఆదివారం ధర్మారావు గోడౌన్ తాళం కోసం వెళ్లాడు. తాళం కమిషనర్ గారి దగ్గర ఉంది. అందుకని ఆవరణలో పడి ఉన్న తాటి దూలాలే ట్రాక్టరు మీద వేసుకుని వెళ్లాం. అతను, నేను, సాలివీధివాళ్లు నలుగురు. తాడు ముడి వెయ్యడం నాకు రాలేదు. నూకాలమ్మ మంచం గట్టు దాకా మోయించుకుని, అక్కణ్నుంచి ఎలా వెయ్యాలో చెప్పింది. నేను వేసిన ముడిని రెండుసార్లు విప్పించి మళ్లీ వేయించింది.

సంగతి దాగలేదు. నేను కర్ర మోస్తున్న ఫొటో ఎవరో వాట్సాప్‌లో పెట్టారు. అందులో నా కళ్లు తెరిచి ఉన్నాయి. ఈలోగా కమిషనర్ గారికి బహుమతి వచ్చింది, పెద్ద ఊరికి బదిలీ కూడా వచ్చింది. వెళ్లేముందు ఆయన చేసిన ఆఖరి సంతకం నా మెమో మీద. నా సర్వీసులో మొదటి మెమో.

"ద్వితీయ సంకల్పాధికారి హోదాలో ఉండి, నమోదైన సంకల్పము ఏదియూ లేకుండా పదకొండవ వార్డునందు క్రియకు పాల్పడుటకు మీ ఉద్దేశమేమి? కార్యాలయ ఆవరణలో ఉండవలసిన రెండు తాటి దూలములు ఏమైనవి? శుక్రవారం ఉదయం పదకొండున్నర గంటలకు విచారణకు స్వయముగా హాజరై సంజాయిషీ ఇవ్వవలెను."

మెమోని మా ఆవిడకి చూపించాను. ఆవిడ రెండుసార్లు చదివి, దేవుడి పటం వెనక దాచింది. జవాబు రాయడానికి మళ్లీ అడిగి తీసుకోవలసి వచ్చింది. ఎన్నో వందల నోట్లు రాసిన చెయ్యి ఇది. దీనికి మాత్రం 'సదుద్దేశపూర్వకముగా' అనే మాట ఎక్కడ పెట్టాలో తోచలేదు. చివరికి ఆ మాట లేకుండానే రాశాను.

"అయ్యా,

గుండిగ మోసినప్పుడు నాకు ఉద్దేశమేమీ లేదు. బరువుగా ఉంది. రెండో చివర ఎవరూ లేరు. పట్టుకున్నాను.

దూలాలు గెడ్డ మీద ఉన్నాయి. ఎవరైనా వెళ్లి చూడవచ్చు, వాటి మీద నడవవచ్చు.

విచారణకు పదకొండున్నరకు రమ్మన్నారు. ఆ వేళకి సాంబారు దిగుతుంది. నూకాలమ్మ కాలు మానేదాకా ఆ సమయం నాకు కుదరదు."